తడిదారి, బండిచక్రములు

వంటలు, వ్రతములు, శిశుపోషణము, కుట్టుపనులు వెలయు పుటలలో మోటారుబండి చక్రముల ప్రసంగమేల యని కొందఱు సోదరీమణులు ముక్కుపై వ్రేలిడుకొందురేమో. అట్లు చేయవలదని నా మనవి. బండిని నడుపువారు తఱచు పురుషులే యైనను, అందు బిడ్డను ఒడిలో నిడుకొని కూర్చుండువారము మనమే. బియ్యము కొనునపుడు గింజ కొఱికి చూతుము. చీర కొనునపుడు అంచు త్రిప్పి చూతుము. నలుగురి ప్రాణములను మోయు నాలుగు చక్రముల విషయమున మాత్రము అంగడివాడేది బిగించిన నదియే మహాప్రసాదమని యూరకుందుము. ఇది నాకు నచ్చని పద్ధతి.

మాది కార్వేటినగరము. పూర్వము సంస్థానమై, వేణుగోపాలస్వామి కోవెలతోడను స్కందపుష్కరిణితోడను నేటికిని పెద్దఱికము నిలుపుకొన్న యూరు. సారంగపాణి పదములు పుట్టినదిచ్చటనే. తక్కిన తెలుగునాట వానలనగా ఆషాఢ శ్రావణములు తలపునకు వచ్చును గాని, మా దక్షిణపు మూలకు అసలు వాన ఈశాన్యపు గాలితో వచ్చునది. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వాయుగుండము వెంట వాయుగుండము సముద్రము మీదినుండి బయలుదేరి మా చెఱువులను నింపును. 2021 నవంబరులో తిరుపతి మునిగినదియు, ఆ వానలకే తిరుమల కొండదారిలో బండలు విఱిగి పడినదియు పాఠకురాండ్రకు జ్ఞాపకముండును. ఎనిమిది నెలలు ఎండలో కాగిన రోడ్డుపై నూనెచుక్కలు, ధూళి, టైర్ల రబ్బరు పొడి పేరుకొని యుండును. తొలివాన వానిని కడిగివేయదు. కలిపి పలుచని జిగురు చేయును. అందువలననే కుండపోత వానకంటె మొదటి అరగంట తుంపర యెక్కువ జారుడు.

మావారు ఉన్నతపాఠశాలలో గణితము చెప్పుదురు. మా అత్తగారికి మూత్రపిండములు చెడినందున వారమునకు రెండుమార్లు తిరుపతికి పోయి డయాలిసిస్ చేయించుకొనవలెను. పుత్తూరు మీదుగా ఇంచుమించు 50 కిలోమీటర్లు. ఈ ప్రయాణమునకు ఎండయనియు వానయనియు భేదము లేదు. ఒక్కమారు తప్పిన ఒంట నీరు చేరును, ఊపిరి యాడదు, రక్తమున పొటాసియము పెరిగి గుండెకే ముప్పు. బస్సులలో ఆమె ఎక్కి దిగలేకపోవుటచే 2022లో ఒక చిన్న కారును, ఇతరులు వాడినదానిని, కొంటిమి.

2024 అక్టోబరు నడుమ వాయుగుండము పట్టిన దినములలో ఒకనాడు తెల్లవాఱకమునుపే బయలుదేరితిమి. పుత్తూరు త్రోవలో ఒక వంకరయొద్ద రోడ్డు ప్రక్క పల్లమున నీరు నిలిచియున్నది. మావారు పరుగులు పెట్టించు మనిషి కారు; ముల్లు 60 దాటలేదు. ముందు చక్రములు తమదారిని తాము పోవుచుండగనే బండి వెనుకభాగము ఎవరో తోసినట్లు ప్రక్కకు తొలగి, బండి అడ్డము తిరిగి, మోరీ గోడకు బారెడు దూరమున చింతచెట్టు మొదట నిలిచినది. ఎదుట ఏ లారీయు రాకపోవుట మా భాగ్యము. ఎవరికిని దెబ్బ తగులలేదు. కొంతసేపు అద్దము తుడుచు కడ్డీల చప్పుడు దప్ప మఱేమియు వినబడలేదు.

ఆనాడు ఆసుపత్రికి పోయి వచ్చితిమి గాని, మఱునాడు అత్తగారు నన్ను పిలిచి, "ఇదో చూడమ్మా, ఇంక వానపట్టిన దినాల్లో నన్ను తీసుకొని పోవద్దు. డెబ్బయి యేండ్ల దాన్ని బతికించేదానికి ముప్పయి నలభై యేండ్ల వాండ్లు నీళ్లలో పడాల్నా?" అనిరి. ఆమె కోపముతో అనలేదు. లెక్క చూచి చెప్పినట్లు చెప్పిరి. మా వైపు వానపట్టినదన్న మూడు దినములైనను విడువదు. ఆ మాటకు తలయూపిన ఏమగునో ఆమెకును తెలియును, నాకును తెలియును. మావారు మాఱుపలుకక బడికి పోయిరి. ఆ సాయంకాలము నేను టార్చిలైటును, ఆయన జామెట్రీ పెట్టెలోని ఇనుపస్కేలును పట్టుకొని బండి క్రిందికి వంగితిని.

నా చదువు ఇంటిచదువు. తాతగారియొద్ద అమరము, కొంత భారతము, ప్రబంధములు రెండుమూడు. చక్రపు అంచునకు నేమి యనియు ప్రధి యనియు పేర్లున్నవని అమరము నేర్పినది గాని, ఆ నేమి నేలను ఎట్లు పట్టుకొనునో నేర్పలేదు. భారతములో కర్ణుని రథచక్రమును భూమి పట్టుకొని విడువక చంపినది. మా బండి చక్రమును ఆ భూమియే పట్టుకొనక విడిచిపెట్టినది. రెంటికిని నడుమనుండు పట్టు ఎంత, దానిని నిలుపునది యేది యని తెలిసికొనవలయునని నాకు బుద్ధి పుట్టెను. మావారి శిష్యుడొకడు ఇంజినీరై మదరాసునందున్నాడు. అతడు చెప్పినదియు, నేను చదివినదియు, కంట చూచినదియు కలిపి వ్రాయుచున్నాను.

ఒక్కొక్క టైరు నేలను తాకుచోటు మన అఱచేయి యంత. నాలుగు అఱచేతులపై ఆ బండి, అందలి మనము నిలిచియున్నాము. ఎండిన రోడ్డుపై టైరు నున్నగా నున్నను పట్టుకొనును. ఇంకను బాగుగనే పట్టుకొనునందురు. తడిసిన రోడ్డుపై రబ్బరునకును రాతికిని నడుమ నీరు చొచ్చును. ఆ నీరు ప్రక్కలకు పోవుటకు దారి కావలెను. టైరుపై కనబడు గాళ్లు అలంకారములు కావు. నీరు పోవు కాలువలు. మన తిరుగలి చూడుడు. రాతిపై గంట్లు అరిగి నునుపైన పిమ్మట ఎంత విసరినను పిండి రాదు. కక్కు కొట్టించిన గాని పనికి రాదు. టైరునకు మరల కక్కు కొట్టించు వీలు లేదు. అరిగినదా, మార్చవలసినదే.

కాలువ లోతు తగ్గి, నీరు ఎక్కువై, వేగము హెచ్చినచో ఒక క్షణమున చక్రము నీటిని చీల్చలేక నీటిపై కెక్కును. అపుడు బండి బండి కాదు, తెప్ప. దీనిని అమెరికా దేశపు నాసా సంస్థవారు విమానముల చక్రములపై పరీక్షించి 1963లో ఒక సూత్రము ప్రకటించిరి. చక్రము ఏ వేగమున తేలునన్నది అందలి గాలి ఒత్తిడి యొక్క వర్గమూలమును బట్టియుండునట. వర్గమూలమన్న మాట వినగానే మావారి ముఖము వికసించినది. మా బండికి చెప్పిన 32 పౌనుల ఒత్తిడికి గంటకు సుమారు 94 కిలోమీటర్లనియు, అశ్రద్ధచేసి 20 పౌనులకు దిగనిచ్చిన 75కే తేలుననియు కాగితముపై వేసి చూపిరి. ఇది విమానపు లెక్క. కారు టైరు గాళ్లను బట్టియు, నీటి లోతును బట్టియు హెచ్చుతగ్గులుండును. అయినను గాలి తగ్గిన టైరు వానలో త్వరగా తేలునన్నది మనము పట్టుకొనవలసిన మాట. గాలి చూచుటకు ఖర్చు లేదు. బండి నడువకమునుపు, టైరు చల్లగా నుండగా చూపవలెను. ఎంత కొట్టవలయునో నడుపువారి తలుపు తెఱచిన అచ్చటి కమ్మిపై చీటి అంటించియుందురు. నత్రజనివాయువు పేరిట అధికముగా వసూలుచేయువారు కలరు. మనము పీల్చు గాలియే అయిదింట నాలుగుపాళ్లు నత్రజని యని వారికి జ్ఞాపకముచేసిన చాలును.

ఇంక స్కేలు సంగతి. క్రొత్త కారుటైరునకు గాళ్ల లోతు 7, 8 మిల్లీమీటర్లుండును. గాడి యడుగున అచ్చటచ్చట చిన్న గట్టులు పోసియుందురు. టైరు ప్రక్కన టి.డబ్ల్యు.ఐ. అను మూడక్షరములుగాని, చిన్న త్రికోణముగాని వాని జాడ చెప్పును. మీదిరబ్బరు అరిగి ఆ గట్టుతో సమమైన లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని యర్థము. అది చట్టము సహించు కడపటి హద్దు, క్షేమపు హద్దు కాదు. 3 మిల్లీమీటర్లకు దిగినది మొదలు తడిదారిని బండి ఆగుటకు పట్టు దూరము త్వరత్వరగా పెరుగును గనుక మావంటి వానయూళ్లవారు అచ్చటనే మార్చుట మేలు. పిల్లల ప్లాస్టిక్ స్కేళ్లకు సున్నకుముందు కొంచెము అంచు వదలియుందురు, అది పనికిరాదు. సున్న అంచుననే మొదలగు ఇనుపస్కేలు కావలెను. లోపలివైపు, నడుమ, వెలుపలివైపు మూడుచోట్ల చూడవలెను.

మా బండికి ముందు రెంటను 5 మిల్లీమీటర్లు. వెనుక రెంట 2కు మించలేదు. టైరు ప్రక్కన డి.ఓ.టి. అను అక్షరముల వెంట పోయిన కడపట నాలుగంకెలుండును: మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. ముందు వానిపై 3521, అనగా 2021లో 35వ వారము. వెనుక వానిపై 1117. ఏడేండ్లు దాటినవి; ప్రక్కల వెండ్రుకవాసి పగుళ్లు. రబ్బరు అరుగకున్నను వయసుచేత గట్టిపడును. గట్టిపడిన రబ్బరు తడిరాతిని పట్టదు. అమ్మినవాడు క్రొత్త రెంటిని కొనువాని కంటికి కనబడునట్లు ముందు బిగించి, పాతవానిని వెనుకకు త్రోసెను. బండి తోక ఏల తొలగినదో అపుడు తెలిసినది.

మా బావగారు ఆ యాదివారము వచ్చిరి. ఆయన చిరకాలము లారీల వ్యాపారము చేసినవారు. చక్రముల విషయమున వారి మాటకు ఇంట నెదురులేదు. "రెండు కొత్తవి తెచ్చి ముందర వేయించండి, ముందరుండే అయిదు మిల్లీవి వెనక్కి పోనీ. ఇంజను లాగేది ముందరి చక్రాలనే, తిరిగేదీ అవే" అని తీర్పుచెప్పిరి. వినుటకు న్యాయముగనే యున్నది. ఊరిలో పదుగురినడిగిన తొమ్మిదిమంది ఇట్లే చెప్పుదురు. టైర్లు చేయువారు మాత్రము ఇందుకు విరుద్ధముగా, రెండే మార్చునపుడు క్రొత్తవానిని వెనుకనే వేయుడని చెప్పుచున్నారు. కారణము విన్న స్పష్టముగా నుండును. ముందు చక్రములు తేలిన, చేతిలోని స్టీరింగు తేలికపడి నడుపువానికి కబురు చెప్పును. అతడు పెడలు వదలిన బండి నెమ్మదించి మరల దారికి వచ్చును. వెనుక చక్రములు తేలిన, కబురు చెప్పువారు లేరు. తెలియునప్పటికి బండి గిఱ్ఱున తిరిగియుండును. ఇది ముందు ఇంజనున్న బండికైనను, వెనుక ఇంజనున్న బండికైనను ఒక్కటే. బావగారితో వాదింపక, "బావగారూ, మొన్న మనబండి ముందు జారినదా, వెనుక జారినదా?" అని మాత్రము అడిగితిని. ఆయన కాఫీగ్లాసు క్రింద పెట్టి కొంతసేపాలోచించి, "అదీ నిజమేలే" అనిరి. పెద్దవారు అంత మాటనుట సామాన్యము కాదు.

తరువాత అంగడి. దాని పేరుగాని, కొన్న టైరు కంపెనీ పేరుగాని వ్రాయను. ఇది ప్రకటన కాదు. మన ప్రాంతమునకు టైర్లు పరాయి సరకు కావని మాత్రము చెప్పవచ్చును. వరదయ్యపాళెము దగ్గఱి చిన్నపండూరులో 2020లో అపోలోవారి కర్మాగారము పని మొదలుపెట్టినది; అచ్చట కారుటైర్లును చేయుదురు. అంగడివాడు మా కొలతకు, అనగా టైరు ప్రక్కన వ్రాసిన 165/80 ఆర్ 14 అను దానికి, మూడురకములు దొర్లించెను. ఒకటి చవక, పేరెన్నడు వినలేదు. రెండవది "లక్ష కిలోమీటర్లకు తిరుగులేదమ్మా" అన్నది. మూడవది ఒక్కొక్కటి 900 రూపాయలు ఎక్కువ. "తేడా ఏమి?" అంటిని. "అన్నీ నల్లగానే ఉంటాయి, సారును మాట్లాడమనండి" అనెను. సారు నావైపు చూచిరి.

నేను వంగి ప్రక్కల చదివితిని. చాల టైర్లమీద అమెరికావారి పద్ధతిని మూడుగుణములు పోసియుందురు: ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైనకొలది టైరు ఎక్కువనాళ్లు అరుగదు. ట్రాక్షన్ అనునది తడిపిన రోడ్డుపై తిన్నగా పోవుచు ఆగుటను కొలిచినది. అందు రెండు ఎ లు ఉత్తమము, తరువాత ఎ, బి, సి. మలుపున పట్టును, నీటిపై తేలుటను అది చెప్పదు. అయినను ఏమియు లేనిదానికంటె మేలు. అరుగనిదానికిని పట్టుకొనుదానికిని సహజముగా వైరమున్నది: గట్టిరబ్బరు మన్నును, మెత్తనిది పట్టును. ఈ వైరమును కొంత తగ్గించినది సిలికా, అనగా ఇసుకజాతిది. మసికి బదులు దానిని రబ్బరులో కలుపుట 1990లనుండి వ్యాప్తికి వచ్చినది. చల్లని తడిదారిపై రబ్బరు మెత్తదనమును అది నిలుపును. ఐరోపాలో 2012 నుండి టైరునకు చీటి అంటించి తడిపట్టును అక్షరములతో తెలుపుచున్నారు. 80 కిలోమీటర్ల వేగమున మేలితరగతికిని నీచపుతరగతికిని ఆగుదూరమున 18 మీటర్ల వఱకు భేదముండవచ్చునని వారి లెక్క. పదునెనిమిది మీటర్లనగా మా యింటి గడపనుండి ఎదురింటివారి పెరటిదాక! మనదేశమునను 2022లో నియమములు సవరించి తడిపట్టునకు కనీసపు పరీక్ష పెట్టిరి. కనీసము కనీసమే, బడిలో 35 మార్కులవాడును ప్యాసే గదా. కావున పైయెత్తు అక్షరముల నడుగుట మానరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర లేనిదానిని తాకనే రాదు.

చవకరకమునకు ట్రాక్షన్ బి. "లక్ష కిలోమీటర్ల" దానికి ఎ, ట్రెడ్‌వేర్ అంకె మూటిలో పెద్దది. మూడవదానికి ఎ, అంకె చిన్నది, నిలువున నాలుగు వెడల్పు గాళ్లు, సిలికా కలిపినదని కాగితము. అంకెల నాలుగును చదువగా చవకటైరు మూడేండ్లు గోడౌనులో నిద్రించినదని తేలినది. అంగడివాడు నన్ను "అమ్మా" అనుట మాని "మేడమ్" అనుటకు మొదలుపెట్టెను. మూడవదానిని ఏఱుకొంటిమి. ఒక్కొక్కదానికి అయిదువేలకు పైబడినది. ఆ నెల పాపకు వీణ కొనవలెనని దాచిన చీటిసొమ్ము అందులకు పోయినది. పాప పెద్దగా నేడువలేదు; రెండుదినములు నాతో మాటలాడలేదు.

1800 రూపాయల అదనపుసొమ్ము సంగతి యెట్లో అత్తగారి చెవిని పడినది. ఆమె కొంగుముడి విప్పి నాలుగు అయిదువందల నోట్లు నా చేతిలో పెట్టి, "తిరిగేది నా కోసరమే గదా, చక్రం నాదే" అనిరి. వలదనుటకు నోరు రాలేదు. వానదినములలో రానని చెప్పిన మనిషి చక్రమునకు సొమ్ము ఇచ్చినదనగా అర్థము వేఱుగా చెప్పనక్కఱలేదు.

బిగించునపుడు ఒక్కటి కనిపెట్టవలెను. కొన్ని టైర్లపై తిరుగుదిక్కునకు బాణపుగుర్తును, కొన్నింటిపై వెలుపలివైపు ఇదియని వ్రాతయు నుండును. తలక్రిందుగా బిగించిన గాళ్లు నీటిని బయటికి నెట్టుటకు బదులు లోనికి పోగుచేయును. పనికుఱ్ఱడు అలవాటుచొప్పున క్రొత్తవానిని ముందుకు దొర్లింపగా, వెనుకకని మావారే చెప్పిరి. నేను మాటలాడ నవసరము లేకపోయినది.

టైరు ఎంత మంచిదైనను నీటిమడుగున అది చేయునది కొంతయే. తక్కినది పాదము చేయవలెను. ఇపుడు వానలో మావారు 40 దాటరు. ముందు బండికి రెట్టింపు దూరము విడుతురు. మడుగు కనబడిన ముందుగనే వేగము తగ్గింతురు గాని, అందు దిగిన పిదప బ్రేకు త్రొక్కరు. మోకాలిబంటి నీరు రోడ్డుకడ్డముగ పాఱుచుండిన ఏ టైరును పనికిరాదు, అచ్చట వెనుదిరుగుటయే. అందులకై వానపట్టుననుకొన్న వారములలో ఒకదినము ముందుగనే తిరుపతిలో చుట్టముల యింట అత్తగారిని దింపుచున్నాము. ఆ నవంబరు డిసెంబరులలో ఆమెకు ఒక్క వాయిదాయు తప్పలేదు.

పాలలెక్క, చాకలిపద్దు వ్రాయు పుస్తకములో ఇపుడొక క్రొత్త గడి గీచితిని. నెలమొదటి దినమున స్కేలు పట్టి నాలుగు చక్రముల లోతును వ్రాసికొందును. ముందువి 5 నుండి 4కు వచ్చినవి. అత్తగారు అరుగుపై కూర్చుండి, "ఎంత వుండాయి?" అని యడుగుదురు. చెప్పుదును. 3 అనిననాడు చీటి మరల పాడవలసియుండును. పాప వీణ ఈలోగా వచ్చినది.